గుడ్ ఫ్రైడే నాడు సిలువ మాట చెప్పమన్నారా? ఇట్లా సిద్ధపడండి

మట్టల ఆదివారానికి రెండు మూడు వారాల ముందు అయ్యగారు ఫోన్ చేసి, "ఈసారి ఆరో మాట మీరు చెప్పాలమ్మా" అంటారు. కాదనలేం. సరే అనేసి ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలవుతుంది. చిత్తూరు, పలమనేరు వైపు అమెరికన్ మిషనరీల ఆర్కాట్ మిషన్ నాటి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చీల్లోనైనా, తిరుపతి, పుత్తూరు వైపు జర్మన్ మిషనరీల కాలం నుంచి ఉన్న లూథరన్ చర్చీల్లోనైనా, నిన్నగాక మొన్న రేకుల షెడ్డులో మొదలైన సహవాసంలోనైనా ఆ రోజు పద్ధతి దాదాపు ఒకటే. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఆరాధన, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, చెప్పడానికి ఏడుగురు. ఆ ఏడుగురిలో పాస్టర్లు కానివాళ్ళు చాలామందే ఉంటారు. టీచరు, నర్సు, బ్యాంకులో పనిచేసే అన్న, యూత్ సెక్రటరీ. ఇది వాళ్ళ కోసం రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒకటి మనసులో పెట్టుకోండి. మీ చేతికిచ్చింది ఒక్క మాట. ఆదాము పాపంతో మొదలుపెట్టి రెండో రాకడ దాకా వెళ్ళాల్సిన పని మీది కాదు. మిగతా ఆరుగురు ఉన్నారు. గుడ్ ఫ్రైడే ఆరాధన సాగిపోవడానికి కారణం చాలాసార్లు ఎండ కాదు, ప్రతి ఒక్కరూ మొత్తం సువార్తనీ తమ పావుగంటలోనే చెప్పేయాలనుకోవడం.

ముందు అధ్యాయం మొత్తం చదవండి

ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ కలిపి లేవు. మొదటిది, రెండోది, ఏడోది లూకా 23లో ఉన్నాయి. మూడోది, ఐదోది, ఆరోది యోహాను 19లో. నాలుగోది మత్తయి 27లో, మార్కు 15లో. మీ మాట ఏ సువార్తలో ఉందో ఆ అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా గట్టిగా, నోటితో చదవండి. రోజుకొకసారి, వారం పాటు. యూట్యూబ్ మాత్రం ఇంకా తెరవద్దు. తెరిస్తే మీ బుర్రలోకి వేరేవాళ్ళ గొంతు వచ్చి కూర్చుంటుంది, ఇక అది లేవదు. పైగా మీరు చూసిన వీడియోనే ఐదో మాట చెప్పే తమ్ముడు కూడా చూసుంటాడు. ఒకే ఉదాహరణ ఒకే మధ్యాహ్నం రెండుసార్లు వినే భాగ్యం మన సంఘాలకి కొత్తేమీ కాదు.

చదివేటప్పుడు మూడు సంగతులు గమనించి కాగితం మీద రాసుకోండి. ఆ మాట ఎవరితో అన్నాడు? దానికి ముందు అక్కడ ఏం జరిగింది? దాని వెనక పాత నిబంధన వాక్యం ఏదైనా ఉందా? నాలుగో మాట వెనక 22వ కీర్తన ఉంది. ఐదో మాట వెనక 69వ కీర్తన, ఏడో మాట వెనక 31వ కీర్తన. ఆ కీర్తన కూడా పూర్తిగా చదవాలి, ఒక్క వచనం కాదు.

ఈ ఆరాధన పద్ధతి మన మిషనరీలు కనిపెట్టింది కాదు. 17వ శతాబ్దం చివర్లో పెరూ దేశంలోని లిమా నగరంలో జెస్యూట్లు అనే కథోలిక గురువులు మొదలుపెట్టారు. అక్కడి నుంచి కథోలిక దేశాలకి, ఆ తర్వాత ప్రొటెస్టెంట్ సంఘాలకి పాకింది. 12 నుంచి 3 అనే వేళ మాత్రం సువార్తల్లోంచే వచ్చింది. ఆ మూడు గంటలూ దేశమంతా చీకటి కమ్మిందని మత్తయి రాశాడు.

మీ మాటని ఒక్క వాక్యంలోకి దించండి

వారం చదివాక, బైబిల్ మూసి, "దేవుని ప్రేమ గురించి ఈ మాట నాకేం చెబుతోంది?" అని మిమ్మల్ని మీరే అడిగి ఒకే ఒక్క వాక్యం రాయండి. మామూలు మాటల్లో, ఇంట్లో మాట్లాడే భాషలో. "ప్రేమామయుడైన దేవుని అపారమైన కృపాబాహుళ్యము" అని రాస్తే అది మీ వాక్యం కాదు, అందరిదీ.

రెండో మాటే తీసుకోండి. యేసు పక్కన సిలువ వేసిన ఆ దొంగకి బాప్తిస్మం లేదు, కానుక లేదు, ఒక్క ఆదివారం ఆరాధన లేదు, చేసిన తప్పు సరిదిద్దుకునే టైమ్ కూడా లేదు. అతను అడిగింది కూడా పెద్దదేమీ కాదు, "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అంతే. దొరికింది మాత్రం "నేడు నీవు నాతోకూడ". జ్ఞాపకం అడిగితే తోడు దొరికింది. మీ వాక్యం ఇట్లా ఉండొచ్చు: "చూపించుకోవడానికి ఏమీ లేనివాడికి యేసు ఆ రోజే చోటిచ్చాడు." దీన్ని గట్టిగా పట్టుకుంటే పావుగంటకి సరిపోతుంది. సంఘంలో వెనక బెంచీలో కూర్చునేవాళ్ళకి, ఏడాదికి ఈ ఒక్క రోజే వచ్చేవాళ్ళకి ఇది నేరుగా తగులుతుంది. వాళ్ళని "ఏడాదికోసారి క్రైస్తవులు" అని మైకులో ఎత్తిపొడవద్దు. దొంగ కూడా అదే రోజు వచ్చాడు కదా.

మూడో మాట ("అమ్మా, యిదిగో నీ కుమారుడు", "యిదిగో నీ తల్లి") సాధారణంగా ఆడవాళ్ళకిస్తారు, అమ్మ గురించి కాబట్టి. నాకైతే ఈ లెక్క ఎప్పుడూ అర్థం కాలేదు. ఆ మాటలో బాధ్యత పడింది యోహాను మీద, ఒక కుర్రాడి మీద. "ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను" అని ఉంది. మన దగ్గర బెంగళూరులో కొడుకు, చెన్నైలో కూతురు, ఊళ్ళో తాళం గుత్తితో ఒంటరిగా అమ్మ ఉన్న ఇళ్ళు ఎన్ని లేవు? గుడ్ ఫ్రైడే సెలవుకి ఊరొచ్చిన ఆ కొడుకు అదే చర్చిలో కూర్చుని ఉంటాడు. తిట్టక్కర్లేదు. లోకం పాపమంతా మోస్తున్న వేళ కూడా యేసు తన అమ్మ రేపటి నుంచి ఎవరింట్లో అన్నం తినాలో చూసుకున్నాడు అని చెబితే చాలు. ప్రేమ అంటే అంత పెద్దదీ, అంత చిన్నదీ కూడా.

రక్తం గురించి ఎంత చెప్పాలి?

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. కొరడా దెబ్బలు, మేకుల పొడవు, ఊపిరి ఆడక పోవడం, అన్నీ వరసబెట్టి పది నిమిషాలు వర్ణిస్తారు. వినేవాళ్ళు ఏడుస్తారు కూడా. కానీ ఏడిపించడం కష్టమైన పనేం కాదు. సువార్తలు నలుగురు రాస్తే, మేకులు కొట్టే దృశ్యాన్ని ఒక్కరూ వర్ణించలేదు. "అక్కడ ఆయనను సిలువవేసిరి", అంతే. ఆ రోజుల్లో చదివేవాళ్ళకి సిలువ అంటే ఏమిటో వివరించక్కర్లేదు. బానిసలకి, తిరుగుబాటుదార్లకి రోమా ప్రభుత్వం వేసే శిక్ష అది, నలుగురూ తిరిగే దారి పక్కనే, అందరూ చూసేలా.

చరిత్ర తెలుసుకోవడం తప్పు కాదు. యెరూషలేము దగ్గర 1968లో ఒక సమాధిలో మేకు దిగి ఉన్న మడమ ఎముక బయటపడింది. యేసు కాలానికి చెందిన, సిలువ శిక్ష పడిన ఒక మనిషిది. ఇట్లాంటిది ఒక్కటి చెబితే ఇది కథ కాదని పిల్లలకి తెలుస్తుంది. ఒక్కటి చాలు. ఆయన దేహానికి జరిగిన దానికంటే ఆయన నోటి నుంచి వచ్చిన దాని మీద ఎక్కువ సేపు ఉండండి. మీకిచ్చింది గాయం కాదు, మాట.

విమోచన అర్థం కావాలంటే: బంగారం లోన్

ఆరో మాట, "సమాప్తమైనది", మీకొస్తే విమోచన గురించి చెప్పక తప్పదు. "యేసు రక్తం ద్వారా విమోచింపబడ్డాం" అని ప్రతి ప్రార్థనలో అంటాం. అంటే ఏమిటని సండే స్కూల్ పిల్ల అడిగితే నీళ్ళు నములుతాం. దీనికి మన జిల్లాలో ప్రతి ఇంటికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది.

పిల్లకి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. మెడలో గొలుసు తీసి కుదువ పెడతాం. కౌంటర్ దగ్గర తూకం వేస్తారు, కవర్లో పెట్టి సీలు వేస్తారు, చీటీ ఇస్తారు. ఏడాది తిరిగేసరికి ఫోన్ వస్తుంది. అసలు కట్టే స్తోమత ఉండదు. వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేయించుకుని వస్తాం. మళ్ళీ ఏడాది, మళ్ళీ వడ్డీ. కట్టిన డబ్బు లెక్కేస్తే కళ్ళు తిరుగుతాయి, గొలుసు మాత్రం అక్కడే ఉంటుంది. చివరికి వేలం నోటీసు. అప్పుడు మేనమామ వచ్చి, మనతో పాటు బ్యాంకుకి నడిచి, అసలూ వడ్డీ మొత్తం కట్టేస్తాడు. కవరు చించి, గొలుసు మళ్ళీ తూకం వేసి, చేతిలో పెడతారు. లోన్ క్లోజ్.

ఇది చెప్పేటప్పుడు రెన్యువల్ దగ్గర ఆగండి. అసలు విషయం ఉన్నది అక్కడే. మన ఉపవాసాలు, నలభై రోజులు మాంసం మానేయడాలు, కానుకలు ఇవన్నీ మంచివే. కానీ వాటితో దేవుడికి బాకీ తీరుస్తున్నాం అనుకుంటే అది ఏడాదికోసారి వడ్డీ కట్టి రావడమే. అసలు తగ్గదు. సిలువ మీద జరిగింది రెన్యువల్ కాదు. పేతురు తన మొదటి పత్రికలో ఈ సంగతే చెబుతూ, వెండి బంగారాల వంటి నశించే వాటితో కాదు, క్రీస్తు అమూల్యమైన రక్తంతో విడిపించబడ్డారని రాశాడు (1:18, 19). మేనమామ రావడం కూడా ఊరికే చెప్పింది కాదు. బీదవాడైన సహోదరుడు అమ్ముకున్న పొలాన్ని దగ్గరి బంధువు వచ్చి విడిపించాలని లేవీయకాండం 25లో ఉంది. రూతు కథలో బోయజు చేసింది అదే. దేవుడు మనకి బంధువై, మనిషై వచ్చాడు కాబట్టే విడిపించగలిగాడు.

ఇక్కడితో ఆపేయండి. పోలికని ఎక్కువ లాగితే తెగుతుంది. "మరి డబ్బు ఎవరికి కట్టినట్టు? సాతానుకా?" అని ఎవరో ఒక తెలివైన యూత్ అబ్బాయి అడుగుతాడు. ఈ ప్రశ్న కొత్తది కాదు. పాతకాలపు సంఘ పెద్దల్లో కొందరు సాతానుకే అన్నారు, నాలుగో శతాబ్దంలో నజియాంజుకు చెందిన గ్రెగొరీ ఆ మాట ఒప్పుకోలేదు. "అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా" తన ప్రాణం ఇవ్వడానికి వచ్చానని యేసు అన్నాడు (మార్కు 10:45), ఎవరికి అనేది బైబిల్ చెప్పలేదు. అబ్బాయికి అదే చెప్పండి. వెల ఎంత అన్నదీ, ఎవరు పెట్టుకున్నారన్నదీ స్పష్టంగా ఉంది కదా.

నాలుగో మాట మీకొస్తే

ఇది అన్నిటికంటే కష్టం. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి?" సాధారణంగా ఒకటిన్నర ప్రాంతంలో వస్తుంది, అందరూ అలిసిపోయి ఉంటారు. దీన్ని గబగబా సర్దేసి, "అంటే నిజంగా విడిచాడని కాదు" అని దాటేయాలని అనిపిస్తుంది. దాటేయకండి. ఆ కేక కేకగానే ఉండనివ్వండి. వేలూరు ఆసుపత్రి వరండాలో రిపోర్టు పట్టుకుని కూర్చుని "దేవా, ఎందుకు?" అన్నవాళ్ళు మీ ముందు బెంచీల్లో ఉన్నారు. వాళ్ళు ఆ మాట అన్నందుకు లోలోపల సిగ్గుపడుతూ ఉంటారు, విశ్వాసం తక్కువైందేమో అని. దేవుని కుమారుడే ఆ మాట అన్నాడు. అది అవిశ్వాసం కాదు, ప్రార్థన. అప్పుడు కూడా ఆయన "నా దేవా" అనే పిలిచాడు.

తర్వాత 22వ కీర్తన తెరిచి, మొదటి వచనం నుంచి 24వ వచనానికి సంఘాన్ని తీసుకెళ్ళండి. బాధపడేవాడి బాధని దేవుడు చులకన చేయలేదు, అతనికి తన ముఖం దాచలేదు, మొర పెడితే విన్నాడు అని అక్కడుంది. రెండూ ఒకే పాటలో ఉన్నాయి. మధ్యలో దారి చాలా పొడవు. మీరు ఆ పొడవుని తగ్గించి చెప్పక్కర్లేదు.

ఇంకో జాగ్రత్త. తండ్రి కోపంతో కొడుకుని కొట్టాడు, కొడుకు మన బదులు దెబ్బలు తిన్నాడు అన్నట్టు చెప్పేవాళ్ళున్నారు. అట్లా చెబితే పిల్లలకి తండ్రి అంటే భయం, యేసు అంటే జాలి మిగులుతాయి. "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్నాడు యేసు (యోహాను 10:18). క్రీస్తులో దేవుడే లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు రాశాడు (2 కొరింథీ 5:19). తండ్రీ కుమారుడూ ఒకే పక్కన ఉన్నారు, మన పక్కన. రైలు వంతెన దగ్గర ప్రయాణికుల కోసం కొడుకుని బలిచ్చిన తండ్రి కథ వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది కదా, అది నేను వాడొద్దనేది ఇందుకే. అందులో పిల్లాడికి ఏం జరుగుతోందో తెలీదు, వాడినెవరూ అడగలేదు. సిలువ అట్లాంటిది కాదు.

మిగతా మాటలకి ఒకటి రెండు సూచనలు

మొదటి మాట ("తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము") చెప్పేవాళ్ళు "యూదులు చంపారు" అని ఒక జాతి మొత్తాన్ని నిలబెట్టి తిట్టవద్దు. యేసు యూదుడు, మరియమ్మ యూదురాలు, శిష్యులందరూ యూదులే. ఆజ్ఞ ఇచ్చింది రోమా అధిపతి పిలాతు, మేకులు కొట్టింది సైనికులు. అన్నిటికీ మించి, ఆ మాటే క్షమించమని. క్షమాపణ మీద ప్రసంగంలో పగ తగదు.

ఐదో మాట, "నేను దప్పిగొనుచున్నాను". ఎందుకో ఇది ఎప్పుడూ అందరికంటే చిన్నవాళ్ళకిస్తారు, చిన్న మాట కదా అని. మార్కు 15:23 పక్కన పెట్టి చదవండి. మొదట బోళము అనే చేదు జిగురు కలిపిన ద్రాక్షారసం ఇస్తే ఆయన పుచ్చుకోలేదు. చివర్లో దాహం అన్నాక చిరక (పులిసిన ద్రాక్షారసం) ఇస్తే పుచ్చుకున్నాడు. ఈ తేడా మీద ఆలోచిస్తే మీకే దారి దొరుకుతుంది. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన ఊళ్ళలో దాహం గురించి మీరు కొత్తగా వర్ణించాల్సిందేం లేదు. అన్నట్టు, ఆ మాట చెప్పేటప్పుడు పుల్పిట్ మీద చల్లటి వాటర్ బాటిల్ పెట్టుకోకండి.

ఏడో మాట, "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను", చివరిది. అప్పటికి రెండున్నర దాటి ఉంటుంది. చిన్నగా చెప్పండి.

రాసుకోండి, కొలుచుకోండి

మూడు గంటలంటే 180 నిమిషాలు. పాటలు, వాక్య పఠనాలు, ప్రార్థనలు, కానుక పోను మనిషికి పావుగంట మిగిలితే గొప్ప. మీరు 12 నిమిషాలకి సిద్ధపడండి. పూర్తిగా రాసుకోవడమే మేలు, "ఆత్మ నడిపిస్తాడు" అని ఖాళీ చేతులతో వెళ్ళేకంటే. రాసేటప్పుడు కూడా ఆత్మ నడిపించగలడు.

మన చిత్తూరులో ఇంట్లో తమిళం, చర్చిలో తెలుగు అనేవాళ్ళు చాలామంది. కాబట్టి వాక్యాలు పొట్టిగా ఉండాలి. బైబిల్ వచనం చదివిన వెంటనే అదే సంగతి మామూలు మాటల్లో ఒకసారి చెప్పండి. గ్రీకు, హెబ్రీ పదాలు మీకు నిజంగా తెలిస్తే తప్ప జోలికి పోవద్దు. రాసింది ఇంట్లో ఎవరికైనా వినిపించండి, నిలబడి, ఫోన్లో టైమర్ పెట్టి. మీ అమ్మకో, పదో తరగతి చదివే కొడుక్కో. "ఏం అర్థమైంది?" అని అడగండి. మీరు మొదట రాసుకున్న ఆ ఒక్క వాక్యం వాళ్ళ నోటి నుంచి వస్తే సరి. రాకపోతే ఏదో ఒకటి ఎక్కువైంది, తీసేయండి. మీకు బాగా నచ్చిన ముక్కే అయి ఉంటుంది, అయినా తీసేయండి.

ఆ రోజు

ఉపవాసం ఉన్నా పొద్దున నీళ్ళు బాగా తాగండి. గుడ్ ఫ్రైడే మార్చి 20కి, ఏప్రిల్ 23కి మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఏప్రిల్లో వస్తే రేకుల కింద పరిస్థితి మీకు తెలిసిందే. 12 గంటలకే వెళ్ళి మొదటి మాట నుంచి కూర్చోండి. మీ వంతుకి ముందు వచ్చి, చెప్పేసి వెళ్ళిపోవడం అందరూ గమనిస్తారు.

బయట మైకు ఉంటే పక్కింటివాళ్ళు కూడా వింటున్నారని గుర్తుంచుకోండి. వాళ్ళ దేవుణ్ణి, వాళ్ళ పండుగల్ని ఒక్క మాట కూడా అనొద్దు. ఆ సిలువ కింద నిలబడి ఇంకొకరిని చిన్నబుచ్చే హక్కు మనకెక్కడిది?

"నేను అయోగ్యుడిని, నాకు మాట్లాడటం రాదు" అని రెండు నిమిషాలు ఖర్చు పెట్టకుండా నేరుగా వచనం చదివి మొదలుపెట్టండి. మధ్యలో గొంతు పూడుకుంటే ఆగండి, కంగారు పడొద్దు, సంఘం ఎదురుచూస్తుంది. ముందు చెప్పినవాళ్ళు మీ సంగతి చెప్పేసినా మీ కాగితం మార్చొద్దు. అయిపోయాక చిన్న ప్రార్థన చేసి కూర్చోండి. ప్రార్థనలో మళ్ళీ ప్రసంగం మొత్తం చెప్పడం మనందరికీ ఉన్న జబ్బు.

మూడు గంటల తర్వాత, గంజి పోసే చోటో, చెప్పుల దగ్గరో, ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి, "మీరు చెప్పింది నా గురించే" అంటారు. అప్పు గురించో, ఇంట్లో గొడవ గురించో, ఎవరికీ చెప్పుకోలేని తప్పు గురించో మొదలుపెడతారు. అక్కడ ఇంకో ప్రసంగం మొదలుపెట్టకండి. పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, వినండి. వాళ్ళు చెప్పింది మీ ఇంట్లో కూడా చెప్పొద్దు. మీ వల్ల కాని సంగతైతే వాళ్ళనడిగి, ఒప్పుకుంటేనే అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళండి. ఈస్టర్ అయిన మర్నాడు, సోమవారం, ఫోన్ చేసి ఎట్లా ఉన్నారో కనుక్కోండి.